మీటరు నంబరు

యాకుత్‌పురా రైలుగేటు దాటాక మూడో గల్లీ.
నేను రీడింగు రాసుకుంటాను,
తహ్సీన్ టీచర్ రీడింగు వైపే చూడదు.
డబ్బా నెత్తిన రేకు మీద చెక్కిన నంబరే ఆమెకు మీటరు:
పది లక్షల ఇరవై రెండువేల నూట పదిహేడు.

"ఎల్లేశం, ఇది బేసి" అన్నది మొదటిసారి,
పక్కింటివాళ్ళ గుట్టు చెప్పినట్టు.
రెండువేల తొమ్మిది జూను.
బిల్లు వెనక పెన్సిలుతో రెండు పెట్టి భాగించి
శేషం ఒకటి అని రాసింది.
జులైలో మూడు, శేషం రెండు.
ఆగస్టులో ఐదు, మళ్ళీ రెండే.
బిల్లుకొక ప్రధాన సంఖ్య. అంతకు మించి తొందర లేదు.
ఏడూ పదమూడూ మాట్లాడుకున్నట్టు
చెరో ఐదు మిగిల్చాయి.
రంజాన్ నెలల్లో ముందు నా చేతిలో ఖర్జూరం,
తర్వాతే భాగహారం.

డిగ్రీ లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ణి నేను.
అయినా ఆ నంబరు నా స్కూటరెక్కి
చంపాపేట దాకా వచ్చింది.
ఒక రాత్రి మా ఇంట్లోనే కరెంటు పోతే
ఫోను వెలుతురులో, కింద నుంచి ఎక్కకుండా
పైనుంచి దిగి చూశాను.
దాని వర్గమూలం
వెయ్యిన్ని పదకొండుకు వెంట్రుకవాసి కింద.
వెయ్యిన్ని పదకొండుకు వర్గం కట్టి
అందులోంచి మీటరు నంబరు తీసేస్తే
మిగిలింది నాలుగు.
నాలుగంటే రెండు రెళ్ళు.
పదకొండుకు ఇటు రెండు, అటు రెండు:
వెయ్యిన్ని తొమ్మిది, వెయ్యిన్ని పదమూడు.
రెండూ ఇక విరగవు.
నడుమ ఒకటే గోడ ఉన్న రెండు వాటాల ఇల్లు.

అప్పటికి టీచర్ మూడువందల పదమూడు దగ్గరుంది.
చెప్పలేదు.
చెబితే, వరసలో నిలబడ్డ నూట నాలుగు సంఖ్యలు
ఏం ముఖం పెట్టుకుని ఇంటికి పోవాలి?

లాక్‌డౌన్ ఏప్రిల్‌లో నేను పోలేదు, బిల్లూ పోలేదు.
ఏడువందల ముప్పై తొమ్మిదిని
చిరిగిన క్యాలెండరు వెనక అడిగిందట.
ఎనభై మిగిలింది.

ఇరవై మూడు మే.
తొమ్మిదివందల తొంభై ఏడు కూడా కాదంది.
ఆ నెలే మా సెక్షనుకు హుకుం: పాత మీటర్లు తీసేయండి.
స్క్రూడ్రైవరు పట్టుకుని గడపలో నిలబడి
ఇక ఆగలేక అనేశాను,
"వచ్చే నెల విరుగుతది టీచర్."

వక్కతో ఎర్రబడ్డ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.
"మొదటి నెలే తెలుసు బేటా.
నాలుగు తక్కువ వర్గం, కాదూ?
రెండు వర్గాలు కూడినా వస్తది, అదీ రెండు తీర్లుగ.
తొమ్మిదివందల అరవై ఒకటి, మూడువందల పధ్నాలుగు చూసుకో.
రెండోది నువ్వే వెతుక్కో.
న్యూన సంఖ్య, పాపం.
తనని వదిలేసి భాజకాలన్నీ కూడితే
ఎంతనుకున్నవ్? ఈ సంవత్సరమంత."

"మరి పద్నాలుగేళ్ళు ఎందుకు టీచర్?"

"జవాబు తెలిసిందని
మిగతావాళ్ళను అడగకుండ పోతమా?
నూట అరవై ఎనిమిది మంది.
ఒక్కొక్కరి నోటితోని కాదనిపించాలె."

రేకు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను.
రిజిస్టరులో 'నంబరు చెరిగిపోయినది' అని రాశాను.
నా సర్వీసులో అదొక్కటే అబద్ధం,
దాదాపు.

జూన్ బిల్లు వెనక వెయ్యిన్ని తొమ్మిది.
కింద శేషం దగ్గర సున్నా చుట్టడానికి
చాలాసేపు పట్టింది ఆమెకు.
అంతసేపూ ఫలక్‌నుమా పోయే రైలు గేటు దగ్గర కూస్తూనే ఉంది.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
గోడ మీద కొత్త డబ్బాను కళ్ళు చికిలించి చూసింది.

"దీని నంబరు చదువు."
"ఎనిమిదంకెలు టీచర్. చివర ఐదు."
"ఛ. సెప్టెంబరుకే అయిపోతది."
సంచిలో పుచ్చు వంకాయ దొరికినట్టు మొహం పెట్టి
అడిగింది,
"ఇంకోటి లేదా, మార్చిస్తవా?"